పెద్దవాడు చేయలేని పని

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఏ చిన్న పట్టణంలో కారు రేడియో తిప్పినా కంట్రీ మ్యూజిక్ వినిపిస్తుంది. అపలాచియన్ కొండపల్లెల జానపదాల నుంచి ఎదిగి, ఫిడేలు, బాంజో, గిటార్ల మీద నడిచే పాట అది. పొలం, ఇల్లు, చర్చి, దూరపు దారులు దాని కథావస్తువులు. చాలాచోట్ల ఈ పాట వినిపించే స్టేషన్లు రెండు మూడు ఉంటాయి. పక్క నగరం నుంచి ఒక పెద్ద స్టేషన్ వినిపిస్తుంది, ఊళ్లో ఒక చిన్న స్టేషన్ ఉంటుంది. అక్కడి లైసెన్సుల లెక్క ప్రకారం పెద్ద తరగతి ఎఫ్‌ఎం స్టేషన్ లక్ష వాట్ల శక్తితో, ఎత్తయిన టవర్ మీద నుంచి సుమారు 90 కిలోమీటర్ల దాకా స్పష్టంగా వినిపించగలదు. చిన్న తరగతికి అనుమతి ఆరు వేల వాట్లే. దాని గొంతు 28 కిలోమీటర్ల దగ్గర సన్నబడిపోతుంది. పాటలు అవే, శ్రోతలూ వాళ్లే, బలంలో మాత్రం ఇంత తేడా. ఇలాంటి చోట చిన్న స్టేషన్ ఎలా నిలబడాలి? మనకన్నా బలవంతుడి పక్కన బతకాల్సిన ప్రతివారి ప్రశ్నా ఇదే. అందుకే ఈ అధ్యాయంలో ఆ చిన్న స్టేషన్ల పోటీని పాఠంగా తీసుకుందాం. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: పెద్దవాడు చేసే పనిని అతనికన్నా బాగా చేయాలని తాపత్రయపడకండి. అతను పెద్దవాడు కావడం వల్లనే చేయలేకపోతున్న పని ఏదో వెతికి, దాన్ని మీ సొంతం చేసుకోండి.

చిన్న స్టేషన్ యజమానికి మొదట తోచేది అనుకరణే. అవే పాటలు, అదే తరహా పొద్దుటి కార్యక్రమం, అవే పోటీలు, అవే బహుమతులు. గెలిచినవాడి అడుగుజాడల్లో నడిస్తే మనమూ గెలుస్తామనుకోవడం సహజం. దీన్ని తెలివితక్కువతనమని కొట్టిపారేయలేం, ఎందుకంటే దీని వెనక గట్టి లెక్క ఉంది. హెరాల్డ్ హోటలింగ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1929లో పోటీ గురించి రాసిన వ్యాసంలో ఒక వీధిని ఊహించమన్నాడు. వీధి పొడుగునా ఇళ్లు, రెండే దుకాణాలు. ఎవరికి ఏది దగ్గరైతే అందులోనే కొంటారు. అప్పుడు ఒక దుకాణదారుడు రెండోవాడి వైపు కాస్త జరిగితే, మధ్యలో ఉన్న ఇళ్లు ఇంకొన్ని అతని వైపు వచ్చేస్తాయి. రెండోవాడూ అదే పని చేస్తాడు. జరిగి జరిగి ఇద్దరూ వీధి నడిమధ్యలో పక్కపక్కనే చేరతారు. 1952లో పీటర్ స్టైనర్ ఇలాంటి తర్కాన్నే రేడియోకు వర్తింపజేశాడు. విడివిడి యజమానులు పోటీపడేటప్పుడు ఎక్కువమందికి నచ్చే కార్యక్రమం చుట్టూనే స్టేషన్లన్నీ గుమిగూడే అవకాశం ఉందని, తక్కువమంది కోరే కార్యక్రమం ఎవరికీ పట్టకుండా పోవచ్చని చూపించాడు.

ఈ లెక్కను చిన్న సంఖ్యలతో మనమే వేసి చూద్దాం. ఒక ఊళ్లో కంట్రీ పాటలు వినేవాళ్లు వందమంది ఉన్నారనుకోండి. అందులో 72 మందికి కొత్త హిట్ పాటలు కావాలి, 28 మందికి పాత పాటలో, ఆ ప్రాంతపు పాటలో కావాలి. మొదటి స్టేషన్ హిట్ పాటలే వేస్తుంది. రెండో స్టేషన్ కూడా హిట్ పాటలే వేస్తే సగం చొప్పున 36 మంది వస్తారు, పాత పాటలు వేస్తే 28 మందే వస్తారు. కాబట్టి రెండోవాడు అనుకరించడం లాభమే. మూడోవాడు వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. అతనూ హిట్ పాటల వెంట పడితే వాటా 24కు పడిపోతుంది. పాత పాటలు పట్టుకుంటే ఆ 28 మందీ అతనివాళ్లే. పైగా ఈ లెక్కలో ఒక పొరపాటు దాగి ఉంది. ముగ్గురూ సమానంగా పంచుకుంటారని అనుకున్నాం. ఆరు వేల వాట్లకూ లక్ష వాట్లకూ శ్రోతలు సమానంగా రారు. చిన్నవాడు పెద్దవాడి పాటలే వేస్తే అతనికి దక్కేది న్యాయమైన వాటా కాదు, పెద్దవాడు వదిలేసిన తరుగు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్న సామెత ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. చారలు పులికి పుట్టుకతో వచ్చాయి, నక్కకు మిగిలింది మంటే.

నిజానికి కంట్రీ రేడియో చరిత్రే ఈ సూత్రానికి రుజువు. షికాగోలోని డబ్ల్యూఎల్‌ఎస్ 1924లో, నాష్‌విల్‌లోని డబ్ల్యూఎస్‌ఎం 1925లో పల్లె సంగీత కార్యక్రమాలు మొదలుపెట్టాయి. డబ్ల్యూఎస్‌ఎం కార్యక్రమమే తర్వాత గ్రాండ్ ఓల్ ఓప్రీగా లోకప్రసిద్ధి పొందింది. కానీ ఆ రోజుల్లో పెద్ద స్టేషన్లు అన్ని రకాల కార్యక్రమాలనూ కలిపి వేసేవి. రోజంతా కంట్రీయే వేయడమంటే మిగతా శ్రోతలనూ ప్రకటనదారులనూ వదులుకోవడమే. ఆ సాహసం చేసింది చిన్నవాళ్లు. 1953లో టెక్సస్‌లోని లబక్ పట్టణంలో మొదలైన కేడీఏవీని తొలి పూర్తికాల కంట్రీ స్టేషన్‌గా చెప్పుకుంటారు. 1961 నాటికి దేశం మొత్తం మీద అలాంటివి 80 దాకా ఉండేవి. ఆ దశకం ముగిసేసరికి 600 దాటాయి. ఇందులో రెండు పాఠాలున్నాయి. మొదటిది, ఈ రోజు అందరూ నడుస్తున్న రాజమార్గం ఒకప్పుడు పెద్దలు కాలుపెట్టడానికి ఇష్టపడని కాలిబాట. రెండోది, అందరూ అక్కడికి చేరాక ఆ ప్రత్యేకత కరిగిపోయింది. ఒకసారి కనిపెట్టిన తేడా జీవితాంతం అన్నం పెట్టదు, దాన్ని మళ్లీ మళ్లీ వెతుక్కోవాల్సిందే.

అనుకరణ వల్ల జరిగే మరో నష్టం అంత సులువుగా కంటికి కనిపించదు. అమెరికాలో పెద్ద నగరాల్లో శ్రోతల లెక్కను వెంట ఉంచుకునే చిన్న మీటర్లతో తీస్తారు. లెక్క తీసే చిన్న పట్టణాల్లో మాత్రం చాలాకాలంగా డైరీ పద్ధతే ఆధారం. నీల్సన్ సంస్థ ఎంపిక చేసిన వ్యక్తి వారం రోజులు తాను ఏ స్టేషన్ విన్నదీ, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా విన్నదీ రాయాలి. పావుగంటలో కనీసం ఐదు నిమిషాలు వింటేనే ఆ పావుగంట స్టేషన్ ఖాతాలో పడుతుంది. పగలు పికప్ ట్రక్కులో విన్నదాన్ని రాత్రి భోజనం ముగించి, బల్ల దగ్గర కూర్చుని గుర్తు చేసుకుంటున్న మనిషిని ఊహించండి. పాట గుర్తుంది, స్టేషన్ పేరు గుర్తులేదు. రెండు స్టేషన్లూ ఒకేలా మోగితే అతని చేయి ఏ పేరు రాస్తుంది? రోడ్డు పక్క హోర్డింగ్ మీద రోజూ చూసే పెద్ద పేరే రాస్తుంది. అంటే చిన్న స్టేషన్ కష్టపడి వినిపించిన పావుగంట పెద్ద స్టేషన్ ఖాతాలోకి పోయింది. అనుకరించేవాడు తన డబ్బుతో, తన శ్రమతో అవతలివాడికి ప్రచారం చేసిపెడుతున్నాడు. మనుషుల జ్ఞాపకంలో ఒక పనికి ఒకే పేరు నిలుస్తుంది. ఆ పేరు మీది కావాలంటే ఆ పని మీది ఒక్కరిదే అయి ఉండాలి.

అయితే పెద్దవాడు చేయలేని పని నిజంగా ఉందా? ఉంది. అతని బలం ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే అది దొరుకుతుంది. 1996 నాటి టెలికమ్యూనికేషన్స్ చట్టం దేశవ్యాప్తంగా ఒక కంపెనీకి ఎన్ని రేడియో స్టేషన్లు ఉండవచ్చన్న పరిమితిని ఎత్తేసింది. స్టేషన్లు ఎక్కువగా ఉన్న నగరాల్లో ఒకే యజమాని ఎనిమిది దాకా నడుపుకోవచ్చంది. కొద్ది ఏళ్లలోనే క్లియర్ ఛానల్ అనే కంపెనీ చేతిలో 1,200కు పైగా స్టేషన్లు చేరాయి. అంత పెద్ద సంస్థకు లాభం ఖర్చు పంచుకోవడంలో ఉంటుంది. ఒక నగరంలో కూర్చున్న అనౌన్సర్ నాలుగైదు ఊళ్లకు సరిపడా మాటలు ముందే రికార్డు చేసి పంపుతాడు. పాటల జాబితా ఒకచోట తయారై అందరికీ వెళ్తుంది. 2017లో అక్కడి రేడియోను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ, లైసెన్స్ ఉన్న ఊళ్లోనో దగ్గరలోనో ప్రధాన స్టూడియో ఉండాలన్న పాత నిబంధనను కూడా రద్దు చేసింది. ఇవన్నీ పెద్దవాడికి పొదుపు మార్గాలు. అతన్ని ఊరికి దూరం చేసేవీ ఇవే. ప్రతి ఊళ్లోనూ ఆ ఊరి మనిషిని కూర్చోబెడితే అతనికి పెద్దరికం వల్ల వచ్చే లాభమే పోతుంది. కాబట్టి ఊళ్లో ఉండడమనే పనిని అతను చూడక వదిలేయలేదు, లెక్క చూసుకునే వదిలేశాడు. అలా వదిలేసిన చోటే చిన్నవాడికి పదిలమైన చోటు.

పెద్దవాడు ఊరికి ఎలా దూరమవుతాడో చెప్పే ఉదాహరణ ఒకటి చూడండి. కుములస్ అనే రేడియో సంస్థ 2013లో న్యూయార్క్‌లో మొదలుపెట్టి నాష్ అనే ఒకే పేరును చాలా నగరాల్లోని తన కంట్రీ స్టేషన్లకు పెట్టింది. సబ్బుకూ టూత్‌పేస్టుకూ దేశమంతా ఒకే పేరు ఉన్నట్టు రేడియోకూ ఉండాలన్నది ఆలోచన. కొన్నేళ్లకు ఆ పేరు చాలా ఊళ్లలో తెరమరుగైంది. ఆ సంస్థ కష్టాలకు అప్పుల లాంటి కారణాలు వేరే ఉన్నాయి, అన్నిటినీ పేరు మీదకు నెట్టడం తప్పు. కానీ ఒక్కటి మాత్రం తేలింది. దేశమంతటికీ ఒకటే అయిన పేరును ఏ ఊరూ తనదనుకోలేదు.

ఇప్పుడు చిన్నవాడు ఏం చేయగలడో దగ్గర నుంచి చూద్దాం. నార్త్ కరోలినాలో మౌంట్ ఏరీ అనే చిన్న పట్టణం ఉంది. 1948 ఫిబ్రవరిలో రాల్ఫ్ ఎపర్సన్ అక్కడ డబ్ల్యూపీఏక్యూ అనే ఏఎం స్టేషన్ మొదలుపెట్టాడు. చుట్టుపక్కల కొండల్లో రౌండ్ పీక్ అని పిలిచే ఫిడేలు, బాంజో బాణీ ఒకటుంది. తరతరాలుగా ఇంటి వసారాల్లో, నాట్యాల దగ్గర వాయించుకున్న సంగీతం అది. ఎపర్సన్ ఆ వాద్యకారులనే స్టూడియోకు పిలిచి మైకు ముందు కూర్చోబెట్టాడు. శనివారాల్లో మెర్రీ గో రౌండ్ పేరుతో ప్రత్యక్ష ప్రసారం పెట్టాడు. తర్వాతి కాలంలో అది ఊరి మధ్యనున్న పాత సినిమా థియేటర్ వేదిక మీదకు చేరింది. పక్కింటి ముసలాయన ఫిడేలు పట్టుకుని వేదిక ఎక్కుతాడు, ముందు వరుసలో అతని బంధువులు కూర్చుంటారు, ఆ పాట అదే క్షణంలో గాలిలోకి వెళ్తుంది. దశాబ్దాలుగా దేశమంతా కొత్త కొత్త పోకడల వెంట పరుగెత్తుతుంటే ఈ స్టేషన్ ఓల్డ్ టైమ్, బ్లూగ్రాస్ అనే పల్లె బాణీలను, భక్తి పాటలను వదలలేదు. 2006లో ఎపర్సన్ మరణించాక కూడా కుటుంబం అదే దారి పట్టుకుంది. ఈ కార్యక్రమాన్ని ఏ పెద్ద కంపెనీ అయినా కొనగలదేమో కానీ తయారుచేయలేదు. దాని ముడిసరుకు ఆ ఊరి మనుషులు, వాళ్ల చుట్టరికాలు.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం వస్తుంది. పెద్దవాడు కూడా ఊళ్లో పాతుకుపోయినవాడే అయితే? టెనెసీలోని నాక్స్‌విల్‌లో అదే పరిస్థితి. అక్కడ డబ్ల్యూఐవీకే దశాబ్దాలుగా కంట్రీ శ్రోతలను ఏలుతున్న స్టేషన్. టెనెసీ విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ ఆటతో దాని పేరు పెనవేసుకుపోయింది. అలాంటి చోట మాదీ ఈ ఊరే అంటే సరిపోదు. 1997లో ఆ ప్రాంతంలో డబ్ల్యూడీవీఎక్స్ అనే స్టేషన్ పుట్టింది. దాని తొలి స్టూడియో ఒక క్యాంపింగ్ మైదానంలో నిలిపి ఉంచిన 14 అడుగుల ట్రైలర్ బండి. పెద్ద స్టేషన్ వేసే హిట్ పాటల జోలికి అది పోలేదు. ఆ హిట్లకు తల్లివేరైన బ్లూగ్రాస్, పాత కంట్రీ, కొండ పాటలు పట్టుకుంది. నగరం మధ్యకు మారాక పనిదినాల్లో మధ్యాహ్నం బ్లూ ప్లేట్ స్పెషల్ అనే ప్రత్యక్ష కచేరీ మొదలుపెట్టింది. తక్కువ ధరకు దొరికే మధ్యాహ్న భోజనానికి అక్కడ ఉన్న పేరు అది. ఎవరైనా ఉచితంగా లోపలికి వచ్చి, ఊరు దాటి వెళ్తున్న గాయకుల పాట కూర్చుని వినవచ్చు. పెద్ద స్టేషన్ పట్టపగలు ఓ గంటసేపు ఎవరికీ తెలియని గాయకుడికి మైకు ఇస్తే ప్రకటనల ఆదాయానికి దెబ్బ. చిన్నవాడికి ఆ గంటే గుర్తింపు. ఈ స్టేషన్ లాభాపేక్ష లేకుండా శ్రోతల విరాళాలతో నడుస్తుంది కాబట్టి దీని నుంచి లాభాల పాఠం తీసుకోకూడదు. బలవంతుడి నీడలోనూ ఖాళీ చోటు ఉంటుందన్న పాఠం మాత్రం తప్పకుండా తీసుకోవచ్చు.

రెండో అభ్యంతరం డబ్బు గురించి. వేరే దారి పట్టినవాడికి తక్కువమందే దొరుకుతారు, ఆ కొద్దిమందితో కడుపు నిండుతుందా అని అడుగుతారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఎగతాళి చేస్తారు. ఈ ప్రశ్నకు ఎంతమంది వింటున్నారన్న లెక్కతో పాటు ఎవరు డబ్బు చెల్లిస్తారన్న లెక్క కూడా చూడాలి. 90 కిలోమీటర్ల పరిధికి వెల కట్టిన ప్రకటనను ఊళ్లోని పశువుల దాణా కొట్టువాడు కొనలేడు, కొన్నా అందులో చాలా భాగం అతని కొట్టుకు ఎప్పటికీ రానివాళ్లకే వినిపిస్తుంది. 28 కిలోమీటర్ల పరిధి అతని ఖాతాదారుల పరిధితో సరిపోతుంది. అందుకే పల్లె స్టేషన్లలో శుక్రవారం రాత్రి హైస్కూల్ ఫుట్‌బాల్ వ్యాఖ్యానం, ఊళ్లో చనిపోయినవారి వార్తలు, పశువుల ధరలు, ఫోన్ చేసి పాత వస్తువులు అమ్ముకునే కార్యక్రమం వినిపిస్తాయి. ఒకాయన ఫోన్ చేసి ట్రాక్టర్ టైర్లు రెండున్నాయంటాడు, ఒకావిడ గుడ్లు పెట్టే కోళ్లు కావాలంటుంది. బయటివాళ్లకు ఇది కార్యక్రమంలాగే అనిపించదు. ఊరివాళ్లు మాత్రం పని ఆపి వింటారు. తక్కువమంది శ్రద్ధగా వినే చోట చెప్పిన మాట అమ్ముడుపోతుంది. అయితే కొద్దిమందే చాలని గుడ్డిగా నమ్మకూడదు. ఆ కొద్దిమంది మీ ఖర్చును మోయగలరా లేదా అని ముందే కాగితం మీద తేల్చుకోవాలి. జనం వలసపోయి ఖాళీ అవుతున్న పట్టణంలో ఎంత మంచి వ్యూహమూ నిలబడదు.

మూడో అభ్యంతరం, మనం కనిపెట్టింది బాగుంటే పెద్దవాడు దాన్ని కాపీ కొట్టడా అన్నది. కొడతాడు. రేడియో వ్యాపారంలో దీనికి అలవాటైన ఎత్తుగడ ఒకటుంది. ఒక నగరంలో బలమైన కంట్రీ స్టేషన్ ఉన్న కంపెనీ తన చేతిలోని మరో స్టేషన్‌ను కూడా కంట్రీకే మార్చి, కొత్తగా వచ్చినవాడి పక్కన కాపలా పెడుతుంది. కొత్తవాడు పాత పాటలు వేస్తే అదీ పాత పాటలే వేస్తుంది. కాబట్టి కేవలం పాటల జాబితా మీద కట్టుకున్న తేడా ఇసుక మీద కట్టిన గోడ. జాబితాను ఒక్క రోజులో కాపీ చేయొచ్చు. ఇరవై ఏళ్లుగా ప్రతి ఆటకూ వెళ్లిన వ్యాఖ్యాత మీద ఊరికున్న నమ్మకాన్ని ఒక్క రోజులో కాపీ చేయలేరు. ఇంటర్నెట్‌లో కోట్ల పాటలు చేతిలోకి వచ్చిన ఈ కాలానికీ ఇదే జవాబు. పాట ఎక్కడైనా దొరుకుతుంది. ఈ సాయంత్రం ఏ రోడ్డు మీద నీళ్లొచ్చాయో చెప్పే మనిషి దొరకడు. మీ ప్రత్యేకత డబ్బుతో కొనగలిగేదైతే మీకన్నా డబ్బున్నవాడు కొనేస్తాడు. కాలంతో, హాజరుతో, పరిచయంతో మాత్రమే కూడేదైతే అది మీ దగ్గరే ఉంటుంది.

ఇదంతా విని, స్థానికంగా ఉంటే చాలని ఎవరైనా తీరికగా కూర్చుంటే అది ఇంకో పొరపాటు. ధ్వని గరగరలాడితే, వార్త తప్పయితే, చెప్పిన వేళకు కార్యక్రమం మొదలుకాకపోతే ఊరిమీద ప్రేమతో ఎవరూ సర్దుకుపోరు. హిట్ పాటలు వినాలనుకోవడం శ్రోత తప్పూ కాదు. రోజులో కొన్ని గంటలు అవి వేసినా మీ ప్రత్యేకతకు లోటు రాదు. అందరూ తప్పక చేయాల్సిన పనుల్లో పెద్దవాడితో సమానంగా ఉండాలి. అతను చేయలేని ఒక్క పనిలో మాత్రం మీకు సాటి ఉండకూడదు. శక్తినంతా మొదటిదానికే ఖర్చు చేసి రెండోదాన్ని మరిచిపోయేవాళ్లే ఎక్కువగా ఓడిపోతారు.

మన చుట్టూ చూసినా ఇదే కనిపిస్తుంది. మన ప్రైవేట్ ఎఫ్‌ఎం స్టేషన్లు చాలావరకు కొత్త సినిమా పాటల చుట్టూనే తిరుగుతాయి. అందుకు భిన్నంగా, జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 అక్టోబరులో మొదలైన సంఘం రేడియోను దళిత మహిళా రైతులు నడిపారు. విత్తనాలు, చిరుధాన్యాలు, పల్లె పాటలు, తమ యాసలో తమ కష్టసుఖాలు, ఇవే వాళ్ల కార్యక్రమాలు. నగరపు స్టేషన్ ఏదీ ఆ గొంతును సృష్టించలేదు. మీరు నడిపేది టిఫిన్ సెంటర్ కావచ్చు, కిరాణా కొట్టు కావచ్చు, పదిమంది పిల్లల ట్యూషన్ కావచ్చు. వీధి చివర సూపర్ మార్కెట్ వచ్చిందని దాని ధరల పట్టికను, దాని దీపాలను అనుకరించకండి. ఖాతా పుస్తకంలో పేరు రాసుకుని నెలాఖరుకు డబ్బు తీసుకోవడం, నడవలేని పెద్దావిడకు సరుకు ఇంటికి పంపడం, ఫలానా ఇంట్లో షుగర్ జబ్బు ఉందని గుర్తుంచుకోవడం దాని యంత్రానికి అలవడని పనులు.

ఈ అధ్యాయం మూసేముందు ఒక కాగితం తీసుకోండి. మీ రంగంలో మీకన్నా పెద్దవాడి పేరు పైన రాయండి. కింద మూడు ప్రశ్నలకు జవాబులు రాయండి. అతని పెద్దరికమే అడ్డుపడి అతను చేయలేకపోతున్న పని ఏది? ఆ పని కోసం ఎదురుచూస్తున్నవాళ్లు ఎవరు, వాళ్లు మీ ఖర్చును మోయగలరా? ఆ పనిని మీరు పదేళ్లపాటు విసుగు లేకుండా చేయగలరా? మూడింటికీ నిలిచే జవాబు దొరికేదాకా కొట్టేసి మళ్లీ రాయండి. దొరికిన రోజున పెద్దవాడి పేరు మీద గీత కొట్టేసి, ఆ పని పేరు రాసుకోండి. ఇకనుంచి మీరు చూడాల్సింది దాన్నే.